రాహేలమ్మకు సన్మానం

నేను ఒక శాలువాను. ముదురు ఎరుపు, రెండు వైపులా బంగారు రంగు అంచు, ఒళ్లంతా మామిడి పిందెలు. అంచు చూసి జరీ అనుకునేరు, అది ప్లాస్టిక్ దారం. సొంత కథ చెప్పుకుంటూ అబద్ధంతో మొదలుపెట్టడం ఎందుకని ముందే చెప్పేస్తున్నాను. నాకు ఓపిక తక్కువని కూడా ఇప్పుడే చెప్పేస్తే మంచిది. ఇన్నేళ్లు మనుషుల భుజాల మీద ఉండి నేను విన్న ఉపన్యాసాలు మీరు విని ఉంటే మీకూ ఓపిక మిగిలేది కాదు.

నేను పుట్టింది ఉత్తరాదిన ఒక మరమగ్గం మీద. ఉన్ని కాస్త, పాలిస్టర్ బోలెడు. నన్ను మడతపెట్టే ఆడమనిషి ఆ పొద్దున జలుబు చేసి వణుకుతోంది. మేస్త్రీ అటు తిరగ్గానే నన్ను భుజాల చుట్టూ లాక్కుంది. ఆయన ఇటు తిరిగేసరికి తీసి మడతపెట్టేసింది. కాసేపే అయినా, నేను దేనికి పుట్టానో నాకు తెలిసిపోయింది. చలేసిన మనిషిని కప్పాలి. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముందో మీరే చెప్పండి.

గుంటూరులో ఒక బట్టల కొట్టుకు చేరాక ఆ భ్రమ వదిలింది. ఒక ముసలాయన నన్ను వేళ్లతో నలిపి చూసి, "చలికి ఆగుద్దా ఇది?" అని అడిగాడు. కొట్టతను నవ్వాడు. "చలికెవరు కొంటారు బాబాయ్ వీటిని? ఇయ్యి సన్మానాలకి. చలికైతే రగ్గు చూపిస్తా." ముసలాయన నన్ను పక్కకు నెట్టి రగ్గు కొనుక్కుని వెళ్లాడు.

సన్మానం అంటే ఏమిటో త్వరలోనే తెలిసింది. చలి వేయని మనిషిని వేదిక మీద కూర్చోబెట్టి, ఉక్కపోతలో శాలువా కప్పి, ఫొటో తీసేదాకా కదలనివ్వకపోవడం. మనుషులు దీన్ని గౌరవం అంటారు.

నన్ను కొన్నది సముద్రం పక్కన చింతలంక అనే ఊరి క్రైస్తవ సంఘం. కొనడానికి వచ్చింది సంసోను గారు. ఆయన సంఘపెద్ద, రొయ్యల చెరువుల ఆసామి. చెడ్డవాడని చెప్పను. మందిరానికి ఫ్యాన్లు ఇచ్చాడు, మైకుసెట్టు ఇచ్చాడు, బీరువా ఇచ్చాడు. ఇచ్చిన ప్రతిదాని మీదా పేరు రాయించాడు. ఫ్యాను జోరుగా తిరిగితే రెక్కల మీద పేరు కనబడదని మాత్రం ఆయనకు చిన్న బాధ ఉండేది.

నా మొదటి సన్మానం మండు వేసవిలో, స్వస్థత సభల్లో జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన ప్రసంగీకుడికి కోటు మీద నన్ను కప్పారు. ఆయన చెమట నాలోకి దిగింది, నా రంగు ఆయన కాలరులోకి దిగింది. ఫొటో అవగానే నన్ను తీసి వెనకున్న డ్రైవరు చేతిలో పడేశాడు. తర్వాత ఇంకో ఊళ్లో నన్ను ఒక తహసీల్దారుకు కప్పాడు. తహసీల్దారు ఏదో బడి వార్షికోత్సవానికి వెళ్లి, అక్కడ దాతగా వచ్చిన పెద్దమనిషికి నన్ను కప్పాడు. ఆ దాత ఎవరనుకున్నారు? మా సంసోను గారే.

ఇంటికి వెళ్లాక ఆయన భార్య నన్ను విప్పి చూసి, "ఏమయ్యో, ఇది మనం సంఘానికని తెచ్చిందే గదా! మూలన కొట్టోళ్ల చీటీ గూడా అట్టనే ఉంది" అంది.

"అరవమాకు" అన్నాడు సంసోను గారు.

ఆ ఆదివారం నన్ను ఆయన సంఘానికి కానుకగా ఇచ్చినట్టు మైకులో ప్రకటించారు. నా కోసం, దాత కోసం ప్రార్థన కూడా జరిగింది. ఇలా సంఘం శాలువా సంఘానికే కానుకగా వచ్చి బీరువాలో పడింది. ఇన్ని భుజాలు మారానా, వాటిలో ఒక్క భుజానికైనా చలి లేదు.

అక్కడినుంచి నేను 'సంఘం శాలువా'నయ్యాను. పద్ధతి ఏమిటంటే, ఎవరొచ్చినా నన్నే కప్పుతారు. ఫొటో తీస్తారు. ఆ వెంటనే సంసోను గారు నవ్వు మొహంతో వచ్చి, "మడతపెట్టి ఇస్తామండీ" అంటూ అతిథి భుజాల మీంచి నన్ను లాగేస్తాడు. మడతపెడతాడు, ఇవ్వడు. నా శాలువా ఏదీ అని అడిగే అతిథి ఇంతవరకూ పుట్టలేదు. అందుకే నా మీద ఒక్క మరక లేదు. ఆ సంగతి సంసోను గారు గొప్పగా చెప్పేవాడు, నాకైతే తలకొట్టేసినట్టుండేది.

బీరువా తీసి నన్ను పలకరించే మనిషి ఒక్కతే ఉండేది. రాహేలమ్మ. మందిరం ఊడ్చేది, చాపలు పరిచేది, గంట కొట్టేది. మొగుడు పడవతోపాటు సముద్రంలో పోయాడు, పిల్లల్లేరు, మందిరం వెనకాల తాటాకు పాకలో ఒంటరిగా ఉండేది. బీరువాలో వేపాకు మార్చేటప్పుడు నన్ను ఒకసారి చెంపకు ఆనించుకుని, "ఎంత మెత్తగా ఉందో తల్లీ" అనేది. నేనేమంత మెత్తన కాదు. ఆమెకు మెత్తటివి తెలియవు, అంతే.

ఒక క్రిస్మస్ ముందు మందిరం మెట్లు కడుగుతూ రాహేలమ్మ జారిపడింది. తుంటి విరిగింది. అది సరిగ్గా అతకలేదు. ఆ పండక్కి మెట్లు మెరిశాయని అందరూ మెచ్చుకున్నారు. గంట కొట్టడానికి ఇంకొకరిని పెట్టుకున్నారు. రాహేలమ్మ పాకలో మంచాన పడింది, నాకు వేపాకు మార్చేవాళ్లు లేకుండా పోయారు.

ఆ తర్వాతి ఏడాది వానాకాలం వెళ్లేముందు తుఫాను వచ్చి ఆమె పాక కప్పు సగం ఎగరగొట్టుకుపోయింది. ఆ సంగతి నాకు సువార్తమ్మ నోటి వెంట తెలిసింది. సువార్తమ్మ పక్క పాకలో ఉంటుంది, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లన్నీ తిరుగుతుంది. తిరిగొచ్చాక తను వండుకున్న దాంట్లోంచే రాహేలమ్మకు ఇంత పెడుతుంది. తను రాని రోజు రాహేలమ్మకు మంచినీళ్లే. ఆమె గొంతు పెద్దది కాబట్టి తాళం వేసిన బీరువాలోకి కూడా బాగా వినబడేది.

"అయ్యగోరూ, ఆయమ్మ తడిసి ముద్దయితాంది. ఒళ్లు కాలతాంది. నేను పొద్దుగూకులూ కూకుంటే నా పొట్టెట్టా గడిసిద్ది? సంఘం ఏదన్నా సూడాల" అంది ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక.

అయ్యగారు అంటే పాస్టరు గారు, కృపానందం గారు. వయసులో చిన్నవాడు, మనసు మంచిది, నోరు మెత్తన. ఆయన సంసోను గారి వంక చూశాడు. సంసోను గారు కళ్లు మూసుకుని, "ప్రార్థనలో పెడదాం" అన్నాడు.

ఈ మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ప్రార్థన మీద నాకు కోపం లేదు. ఖాళీ మందిరంలో చాప మీద కూర్చుని ఊళ్లోవాళ్లందరి పేర్లూ చెప్పి రాహేలమ్మ చేసిన ప్రార్థనలు విన్నదాన్ని నేను. కమిటీ ప్రార్థన వేరు. అది నేనుండే బీరువా లాంటిది. ఒకసారి అందులో పెట్టారంటే తాళం పడ్డట్టే. సువార్తమ్మ మళ్లీ వచ్చినా, మళ్లీ మళ్లీ వచ్చినా అదే మాట. ఒకసారి మాత్రం ఆమె ఊరుకోలేదు. "పెట్టారు సరే, ఆ పెట్టిందేందో కంచంలో పెట్టండయ్యా!" అని అరిచి వెళ్లిపోయింది. ఆడమనిషికి అంత నోరు పనికిరాదని కమిటీ తీర్మానించింది.

కృపానందం గారికి మాత్రం ఆ మాట గుచ్చుకున్నట్టుంది. ఆ తర్వాతి ఆదివారం దిక్కులేని విధవరాండ్ర గురించి ప్రసంగించాడు. వాళ్లను సన్మానించమని బైబిలు వాక్యంలో ఉందని చెప్పాడు. దాన్ని మొదట రాసిన పాత భాషలో ఆ మాటకు ఏ అర్థముందో వివరించబోతుండగా, ముందు వరసలోంచి సంసోను గారు "స్తోత్రం!" అని గట్టిగా అన్నాడు. ఆ వెంటనే సంఘమంతా స్తోత్రం అంది. వివరణ ఆ కేకల్లో కొట్టుకుపోయింది.

కమిటీ కూర్చుంది, సరిగ్గా నా బీరువా ముందే.

"ఇన్నాళ్లూ మనకి తెలవక ఊరుకున్నాం. వాక్యం స్పష్టంగా సన్మానించమంటంది. రాహేలమ్మకి సన్మానం చేసేద్దాం" అన్నాడు సంసోను గారు.

"సన్మానించడమంటే అక్కడ..." అని గొంతు సవరించుకున్నాడు కృపానందం గారు.

"అయ్యగారూ, వాక్యానికి మనం కలపకూడదు, తియ్యకూడదు. ఉన్నది ఉన్నట్టు చేద్దాం. శాలువా బీరువాలోనే ఉంది."

నేను లోపల తల బాదుకున్నాను. తల లేదనుకోండి, మడత బాదుకున్నాను. ఎండావానా తగలకుండా కాపాడండి, అన్నం పెట్టండి, దగ్గర కూర్చోండి అని చెప్పే మాటను పట్టుకుని వీళ్లు దండలు లెక్కేస్తున్నారు! మైకు ఎవరిది, బిర్యానీ ఎవరిది, మెమెంటో మీద ఏ బొమ్మ ఉండాలి అని చర్చ సాగింది. మెమెంటో మీద గొర్రెల కాపరి ఉండాలా పావురం ఉండాలా అన్న దగ్గర గొడవైంది. పాక కప్పు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కృపానందం గారికి గుర్తుండే ఉంటుంది, ఆయన నేల చూస్తూ కూర్చున్నాడు. నాకు అందరికన్నా ఎక్కువ కోపం ఆయన మీదే వచ్చింది. తెలియనివాణ్ని ఏమంటాం?

సన్మానం రోజున మందిరం ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దానిలో సంసోను గారు చేతులు జోడించి నిలువెత్తున ఉన్నాడు. అయ్యగారు నడుం దాకా ఉన్నాడు. కమిటీవాళ్లు మెడల దాకా ఉన్నారు. రాహేలమ్మ కింద మూలన, తపాలా బిళ్లంత ఉంది. రేషన్ కార్డు మీది ఫొటో తప్ప ఆమెకు వేరే ఫొటో లేదట మరి.

ఇద్దరు మగవాళ్లు ఆమెను ప్లాస్టిక్ కుర్చీతో సహా మోసుకొచ్చి వేదిక మీద పెట్టారు. ప్రసంగాలు ఎంతకీ తెమలలేదు. ఆమె త్యాగం గురించి, ఆమె కడిగిన మెట్ల గురించి చెప్పారు. కూర్చోలేక ఆమె ఒక పక్కకు ఒరిగిపోతుంటే, వినయంతో తల వంచుకుందని మైకులో చెప్పారు. అప్పుడు నన్ను తీసి ఆమె భుజాల మీద వేశారు.

అయ్యా, నేను చెప్పలేను. ఆ భుజాలు ఎముకలు. జ్వరంతో కాలిపోతున్నాయి, అయినా వణుకుతున్నాయి. మరమగ్గం దగ్గర వణికిన ఆడమనిషి తర్వాత, నేను అవసరమైన ఒళ్లు అదే. నా ఉన్ని కాస్తే అని ముందే చెప్పాను కదా, ఆ కాస్తనూ ఆమెకు అంటించాలని ప్రయత్నించాను. ఆమె నా అంచు పట్టుకుని మెడ దాకా లాక్కుంది. ఏడుపొచ్చింది నాకు.

ఫొటో అయింది. సంసోను గారు అలవాటు ప్రకారం నవ్వు మొహంతో వచ్చి, "మడతపెట్టి ఇస్తామమ్మా" అని నన్ను పట్టుకున్నాడు. రాహేలమ్మ, తనకు సరిగ్గా కప్పడానికి వచ్చాడనుకుని, ఆయన చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య లాగడం బాగుండదని ఆయన వదిలేశాడు. తర్వాత బిర్యానీ వచ్చింది, నన్ను మరిచిపోయారు. రాహేలమ్మ భుజాల మీదే నేనూ పాకకు చేరాను.

ఆ సాయంత్రం సువార్తమ్మ ఎవరినీ అడక్కుండా ఫ్లెక్సీ విప్పి, చుట్టి, నెత్తిన పెట్టుకుని పోయింది. నిచ్చెన వేసుకుని పాక ఎక్కి కన్నం మీద పరిచి, తాళ్లతో కట్టి, ఇటుకలు పెట్టింది. సంసోను గారి మొహం ఆకాశం వైపు ఉంది. అప్పుడు పడ్డ వానంతా ఆయన జోడించిన చేతుల మీద పడింది. ఆయన పేరూ మొహమూ ఒకరికి పనికొచ్చింది అదొక్కసారే.

కానీ ఫ్లెక్సీ ఫ్లెక్సీయే, కప్పు కాదు. గాలికి ఒక పక్క లేచేది, నీళ్లు మంచం మీద కారేవి. నేను తడిసి బరువెక్కేదాన్ని. సువార్తమ్మ చేపలకు వెళ్లిన రోజున అన్నం లేదు. రాహేలమ్మ జ్వరం తగ్గలేదు, దగ్గు మొదలైంది. "మనోళ్లు వస్తార్లే సువార్తా. అంత గొప్పగా చేసినోళ్లు రాకుండా ఉంటారా" అనేది. నేను కప్పగలను, అంతే. పొయ్యి వెలిగించలేను, గంజి కాచలేను, వైద్యుణ్ని పిలవలేను. ఇలాగే ఉంటే ఆమె చచ్చిపోతుందని నాకు తెలుసు. గుడ్డ ముక్కకు తెలిసింది ఊళ్లో ఇంతమందికి ఎలా తెలియలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఒక పొద్దున నిజంగానే వచ్చారు. సంసోను గారు, కృపానందం గారు. గుమ్మం తక్కువ ఎత్తు కాబట్టి వంగి వచ్చారు. ఎందుకొచ్చారో నాకు చూడగానే తెలిసింది. జిల్లా నుంచి ఎవరో సంఘాల అధ్యక్షుడు వస్తున్నాడట. సంఘం శాలువా కావాలి. నా కోసం వచ్చారు.

రాహేలమ్మ మోచేతుల మీద లేవబోయింది. ఆమె మొహం నేనెప్పుడూ అంత వెలుగుతో చూడలేదు.

"వందనాలు అయ్యగోరూ! సంసోను బాబూ, నువ్వు గూడా వచ్చావా! సెప్పలా సువార్తా నీకు, నన్ను సూడ్డానికి వస్తారని? సెప్పలా?"

సువార్తమ్మ మూలన చేపలు తోముతోంది. ఆమెకు అంతా అర్థమైంది. అంత నోరున్న మనిషి ఏమీ అనకపోవడం ఆ ఇద్దరికీ తిట్లకన్నా ఎక్కువే తగిలినట్టుంది. సంసోను గారు పైకి చూశాడు. ఫ్లెక్సీ వెనకవైపు నుంచి తన మొహం తిరగబడి, మసగ్గా కనబడింది. గడ్డం దగ్గర నీళ్లు చేరి, బొట్టుబొట్టుగా రాహేలమ్మ కాళ్ల మీద పడుతున్నాయి.

కృపానందం గారు నన్ను తీసుకోవడానికి చాచిన చెయ్యి అలాగే ఉంది. తర్వాత కిందికి దిగి, నా కొసను ఆమె తడి పాదాల కిందికి దోపింది. నాకు తెలిసి ఎవరైనా నన్ను ఇంకొకరికి ఫొటో లేకుండా కప్పడం అదే మొదటిసారి.

అలవాటు పోదు కదా, "ప్రార్థన చేద్దాం" అని మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు. "అమ్మా, అన్నం తిన్నావా?" అని అడిగాడు.

"ఎందుకులే అయ్యగోరూ ఇప్పుడు" అంది రాహేలమ్మ.

"నిన్న తిన్నావా?"

ఆమె నన్ను మొహం దాకా లాక్కుంది. కృపానందం గారు నేల మీదే, ఆ బురదలోనే కూర్చుండిపోయాడు. "సంసోను గారూ, ఆ మాటకి అర్థం శాలువా కాదండీ. పోషించమని. చూసుకోమని. నాకు ఆ రోజే తెలుసు. మీరేమనుకుంటారోనని నోరు మూసుకున్నాను" అన్నాడు. మెత్తటి నోరే, కానీ ఈసారి స్తోత్రం అనడానికి అక్కడ ఎవరూ లేరు.

సంసోను గారు చెయ్యెత్తి, ఫ్లెక్సీలో చేరిన నీళ్లను పక్కకు నెట్టాడు. "చెరువుల కాడ పాత రేకులు పడున్నయ్యి" అన్నాడు. ఆ రేకులు తుఫాను ముందునుంచీ అక్కడే పడున్నాయి! నాకు నోరుంటే ఏమనేదాన్నో రాయడం బాగుండదు.

ఆ సాయంత్రమే వైద్యుడొచ్చాడు, మర్నాడు రేకులొచ్చాయి. రేకుల మీద పేరు రాయిద్దామని సంసోను గారు నసిగితే, "రాయించు బాబూ, లోపలేపు రాయించు. పడుకుని సూసుద్ది" అంది సువార్తమ్మ. రాహేలమ్మకు చదువు రాదు. ఆయన రాయించలేదు. ఇంటికో రోజు చొప్పున అన్నం తేవాలని వంతులు వేసుకున్నారు. వంతులంటే తెలిసిందే, మొదట్లో పరుగున వచ్చారు, తర్వాత తడబడ్డారు. తప్పిన రోజున కృపానందం గారు తనింటి గిన్నె తెచ్చేవాడు. మారిపోయారని నేను చెప్పను. మనుషులు అంత తేలిగ్గా మారితే నాకింత కోపం ఎందుకుంటుంది?

జ్వరం తగ్గింది. దగ్గు కొంచెం ఉంది. రాహేలమ్మ ఇప్పుడు దిండుకు ఆనుకుని కూర్చుంటుంది.

మొన్న సంసోను గారింటి వంతు. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది, ఎవరూ రాలేదు. రాహేలమ్మ ఆకలిని కప్పేస్తున్నట్టు నన్ను కప్పుకుని, "వస్తార్లే" అంది. వస్తారు, వస్తారు అని నేను లోపల పళ్లు నూరుతుండగా మోటారుసైకిలు చప్పుడైంది. పనివాణ్ని పంపలేదు, ఆయనే వచ్చాడు. క్యారియరు మూత తీయడం చేతకాక తంటాలు పడ్డాడు. పళ్లెంలో అన్నం పెట్టి, పప్పుచారు పోయబోయి, సగం నా మీద ఒలకబోశాడు. వేడి వేడిగా, అంచు నుంచి మధ్య మామిడి పిందెల దాకా.

"అయ్యో, సంఘం శాలువా!" అన్నాడు అదిరిపడి.

"ఉతికితే పోద్దిలే బాబూ" అంది రాహేలమ్మ, ముద్ద కలుపుతూ.

పోలేదు. సువార్తమ్మ ఉతికింది, రుద్దింది, ఎండేసింది. పసుపు మరక అలాగే ఉంది. ఇక నన్ను ఏ అధ్యక్షుడికీ కప్పలేరు, ఏ వేదికా ఎక్కించలేరు. హమ్మయ్య. నా బతుకులో నాకు జరిగిన సన్మానం ఆ పప్పుచారే.